ఫోన్‌లోకి భద్రాచలం బస్సు

జీటీఏ ఆరో భాగం ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. ఆట 2025లో అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, ఆ తర్వాత నవంబరు 19కి జరిపారు. ఊరించి వచ్చిన ఆటల సంగతీ చూశాం. సైబర్‌పంక్ 2077 విడుదలైన వారానికే సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసి డబ్బులు వెనక్కిస్తానంది. 2021లో పాత జీటీఏ మూడింటికీ కొత్త మెరుగులు దిద్ది అమ్మితే, ఆటలో వాన పడ్డప్పుడు రోడ్డే కనిపించలేదు. చివరికి ఆ ఆటల సంస్థ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పుకుంది.

మన కుర్రాళ్లు అవేవీ కొనకుండానే 2017 నాటి ఓ ఫోన్ ఆటలో ఆర్టీసీ బస్సులు తిప్పుతున్నారు. దాని పేరు బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా, తయారీ మాలియో సంస్థ. ఇండోనేషియాలోనూ మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అందుకే ఆట మనకు పరాయిగా అనిపించదు. పైగా బస్సు రంగులు మార్చుకునే వీలు తయారుచేసినవాళ్లే ఇచ్చారు. ఆ రంగుల బొమ్మనే లివరీ అంటారు.

మీరూ ఒక లివరీ చేయాలనుకుంటే, ముందు తెలంగాణ ఆర్టీసీ బస్సో ఆంధ్ర ఆర్టీసీ బస్సో తేల్చుకోండి. భద్రాచలంలో ఈ ప్రశ్న తప్పదు. 2014లో ఊరు తెలంగాణలోనే ఉండిపోయినా చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, ఊరిని ఆనుకునే ఉన్న ఎటపాక ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఉంది. బస్టాండులో రెండు సంస్థల బస్సులూ పక్కపక్కనే కనిపిస్తాయి. రంగులు గుర్తున్నాయి కదా అని వేసేయకండి. మబ్బు పట్టినప్పుడు వెళ్లి నాలుగు వైపులా నేరుగా నిలబడి ఫొటోలు తీయండి. ఎండలో తీస్తే మెరుపుకి రంగు తేడా కొడుతుంది. "అన్నా, బస్సు ఫొటో తీసుకుంటా" అని డ్రైవర్‌కో కండక్టర్‌కో ఒక మాట చెప్పండి. ప్రయాణికుల ముఖాలు పడనివ్వకండి.

తర్వాత బాడీ. ఆటలో వచ్చే ఇండోనేషియా బస్సుకు ఎన్ని రంగులేసినా అది పల్లెవెలుగు కాదు. మన బస్సు ఆకారంలో ఎవరైనా చేసిన వాహనం మోడ్ (ఆటకు అదనంగా కలుపుకునే ఫైల్) తెచ్చుకుని, ఫోన్‌లో ఆట ఫోల్డర్ లోపలి మోడ్స్‌లో పెట్టాలి. ఆ బాడీకి సరిపడే టెంప్లేట్ కూడా దానితోనే తీసుకోండి.

టెంప్లేట్ అంటే విప్పి పరిచిన అగ్గిపెట్టె లాంటిది. ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో చూడగానే తెలియదు. రంగు మొదలెట్టక ముందే ఒక్కో ముక్క మీద ఒక్కో అంకె రాసి ఆటలో ఎక్కించి చూడండి. కొన్ని టెంప్లేట్లలో రెండు పక్కలకూ ఒకే ముక్క వాడతారు. అప్పుడు ఒక పక్క అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. అలాంటిదైతే పక్కల మీద అక్షరాలు మానేసి, ముందూ వెనకా మాత్రమే రాయడం మేలు.

రంగులకు పెద్ద కథేం లేదు. ఫొటోలోంచే రంగు తీసుకుని పూయండి. అక్షరాల దగ్గరే తేలిపోయే లివరీలు ఎక్కువ. "భద్రాచలం" అని రాస్తే కొన్ని యాప్‌లలో ద్రా విడిపోయి ద్, రా అని పక్కపక్కన పడుతుంది. పిక్సెల్‌ల్యాబ్ లాంటి యాప్‌లో యూనికోడ్ ఫాంట్ వాడండి. రామభద్ర అనే ఉచిత ఫాంట్ లావుగా ఉండి బోర్డుకు బాగా నప్పుతుంది, భద్రాద్రికి పేరు కూడా కలిసొచ్చింది. ద కింద వేలాడే రావత్తు బోర్డు అంచుకు తగలకుండా చోటు వదలాలి. "భద్రాచలం - ఖమ్మం", కింద చిన్నగా "వయా పాల్వంచ, కొత్తగూడెం". నంబరు ప్లేటు మీద జడ్ సిరీస్ మరవకండి. ఆర్టీసీ బండికి అదే గుర్తు, చాలామంది వదిలేసేదీ అదే.

ఇక దుమ్ము. షోరూంలోంచి దిగినట్టు మెరిసిపోతే అది చర్ల, దుమ్ముగూడెం తిరిగే బస్సు ఎలా అవుతుంది? చక్రాల వెనక, మెట్ల దగ్గర, వెనక బంపరు మీద ఎర్రమట్టి రంగును వేరే లేయర్‌లో పలచగా చల్లండి. కిటికీల కింద వర్షపు చారలు రెండు మూడు చాలు. ఎక్కువైతే తుప్పు పట్టినట్టుంటుంది.

టెంప్లేట్ కొలత మార్చకుండా పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపీజీ అయితే అక్షరాల అంచులు మసకబారతాయి. ఆటలో గ్యారేజీకి వెళ్లి, బస్సు ఎంచుకుని, లివరీ ఫైల్ దగ్గర మీ బొమ్మ చూపిస్తే అయిపోయింది. పగలూ రాత్రీ రెండూ నడిపి చూడండి, రాత్రి లేత రంగులు వేరుగా కనిపించవచ్చు.

కిటికీ బయట కనిపించేది మాత్రం ఇండోనేషియానే. కిన్నెరసాని రాదు, గోదావరి వంతెనా రాదు. అయినా కోట్ల ఖర్చుతో తీసిన ఏ ట్రైలర్‌లోనూ లేని బోర్డు మీ బస్సుకుంది, నాకు అది చాలు.

మోడ్‌తో పాటు ఏదైనా యాప్ వేసుకోమంటే వేసుకోకండి, కాంటాక్టులు అడిగితే అసలు వద్దు. బాడీ చేసినవాళ్ల పేరు టెంప్లేట్ మూలన ఉంటుంది. దాన్ని చెరిపేయకుండా మీ పేరు దాని పక్కన రాసుకోండి.