స్కానింగ్ బాగుందన్నారు, ఇంకా పరీక్షలెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఐదో నెల, ఆరో నెల నడుస్తున్నవాళ్లు, వాళ్ల ఇంట్లో పెద్దలు రాసినవే. ఒకే రకం సందేహాలను కలిపి జవాబిస్తున్నాను.

నాకిది తొలి కాన్పు. పంతొమ్మిదో వారం. టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు. కానీ బిడ్డ కదలిక ఇంకా తెలియడం లేదు. మా ఆడపడుచుకి నాలుగో నెల చివర్లోనే తెలిసిందట. రిపోర్టులో మాయ ముందువైపు ఉందని రాశారు. అందువల్ల ఏమైనా ప్రమాదమా?
– ఒక సోదరి, తెనాలి

ప్రమాదం ఏమీ లేదమ్మా. మాయ గర్భసంచి ముందు గోడకు అంటుకుని ఉంటే బిడ్డకీ మీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉంటుంది. లోపల బిడ్డ కాళ్లు ఆడించినా ఆ తాకిడి మీదాకా సరిగా అందదు. అందుకే కదలిక కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. మీ ఆడపడుచుకి అది రెండో కాన్పేమో అడిగి చూడండి. ఒకసారి కన్న తల్లికి ఆ కదలిక ఎలా ఉంటుందో తెలుసు కనుక పదహారో వారానికే గుర్తుపడుతుంది. తొలిచూలులో పద్దెనిమిది, ఇరవై వారాలు పట్టడం మామూలే. మొదట్లో అది తన్నినట్టు ఉండదు. పొట్టలో గ్యాస్ కదిలినట్టు, చిన్న బుడగ పగిలినట్టు ఉంటుంది. చాలామంది దాన్ని అజీర్తి అనుకుని వదిలేస్తారు. ఇరవై నాలుగు వారాలు నిండినా ఏమీ తెలియకపోతే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

నిజానికి బిడ్డ ఎనిమిదో వారం నుంచే కదులుతుంది, మీకు తెలియదంతే. ఇరవయ్యో వారానికి తల నుంచి మడమ దాకా సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, 300 గ్రాములకు పైగా బరువు ఉంటుంది. ఒంటినిండా నూగు, దాని మీద తెల్లటి వెన్నలాంటి పూత ఏర్పడుతుంటాయి. ఎప్పుడూ ఉమ్మనీటిలోనే ఉండే చర్మానికి ఆ పూతే రక్షణ. మీ మాటలకు బిడ్డ స్పందించడం ఆరో నెల దాటాక మొదలవుతుంది. ఊపిరితిత్తులు ఎదగడానికి మాత్రం చివరి నెలల దాకా పడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ముందుగా ఇబ్బంది పడేది అవే.

టిఫా స్కాన్ గురించి కూడా ఒక మాట. పద్దెనిమిది నుంచి ఇరవై వారాల మధ్య చేయించమనడానికి కారణం ఉంది. గుండెలో నాలుగు గదులు, వెన్నెముక, పెదవి, మూత్రపిండాలు స్పష్టంగా చూడగలిగేంత ఎదుగుదల అప్పటికి వస్తుంది. ఏదైనా పెద్ద లోపం కనిపిస్తే మరో నిపుణుడికి చూపించుకుని ఆలోచించుకోవడానికి వ్యవధి కూడా మిగులుతుంది. అలాగని అది అన్నీ చెప్పేయదు. గుండెలో చిన్న రంధ్రం, వినికిడి లోపం, కొన్ని జన్యు సమస్యలు అందులో దొరక్కపోవచ్చు. ఆడా మగా అని మాత్రం అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం అడగడమూ, చెప్పడమూ నేరమే.

నా హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్రలు రోజుకి రెండు వేసుకోమన్నారు. వేసుకుంటే వికారం, విరేచనం నల్లగా వస్తోంది. అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని మా అమ్మమ్మ ఆపించేసింది.
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

ఈ ఉత్తరం చదివి బాధ కలిగింది, ఎందుకంటే ఇదే మాట నేను ఏళ్ల తరబడి వింటున్నాను. తల్లీ, బిడ్డ రంగు మీ ఇద్దరి జన్యువుల నుంచి వస్తుంది. ఐరన్ దాన్ని నలుపు చేయదు, కుంకుమపువ్వు పాలు తెలుపూ చేయవు. విరేచనం నల్లగా రావడానికి కారణం పేగుల్లో మిగిలిపోయిన ఐరనే. దాని గురించి భయం వద్దు.

గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. ఎర్రకణాలు అంత వేగంగా పెరగవు కాబట్టి హిమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజం. 9.2 మాత్రం సహజం కాదు. 11 కంటే తక్కువైతే రక్తహీనతే. కాన్పులో రక్తం పోవడం ఎవరికైనా జరిగేదే. 11 ఉన్న తల్లి తట్టుకున్నంత రక్తస్రావాన్ని 8 ఉన్న తల్లి తట్టుకోలేదు. ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే.

మాత్ర పరగడుపున పడకపోతే అన్నం తిన్నాక వేసుకోండి. నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ గంట ముందూ గంట తర్వాతా వద్దు. కాల్షియం మాత్ర కూడా అదే పూట వేసుకోకండి, ఒకటి మధ్యాహ్నమైతే రెండోది రాత్రి. అయినా వికారం తగ్గకపోతే మానేయకుండా డాక్టర్‌కి చెప్పండి, వేరే రకం మాత్ర ఇస్తారు. నెల తర్వాత రక్తం మళ్లీ పరీక్షించుకోండి. కనీసం ఒక గ్రాము పెరగకపోతే కారణం వెతకాలి. నులిపురుగుల మందు రెండో త్రైమాసికంలో ఒక్క మోతాదు ఇస్తారు, అది వేసుకున్నారో లేదో ఏఎన్‌ఎంని అడగండి. తోటకూర, పల్లీలు, రాగులు, గుడ్డు తినండి. కానీ 9.2 దగ్గర తిండి ఒక్కటే సరిపోదు, మాత్ర తప్పదు. ఈ పేజీ మీ అమ్మమ్మగారికి చదివి వినిపించండి.

ఆరో నెలలో గ్లూకోజ్ నీళ్లు తాగించి షుగర్ చూస్తామన్నారు. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. పైగా పోయినసారి తాగగానే వాంతయింది. తప్పదా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

తప్పదు. ఇంట్లో ఎవరికీ లేకపోయినా రావచ్చు. మాయ ఎదిగేకొద్దీ దాని నుంచి ఎక్కువగా వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. 24 నుంచి 28 వారాల మధ్య పరీక్ష చేసేది అందుకే. మొదట్లో చేసినప్పుడు బాగున్నా మళ్లీ చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రులు పాటించే పద్ధతిలో పరగడుపున రానవసరం లేదు. 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భిణీ మధుమేహం కింద లెక్క. తాగిన అరగంటలోపు వాంతయితే మరుసటి రోజు మళ్లీ చేయాలి, అరగంట దాటాక అయితే పరీక్ష కొనసాగించవచ్చు. గబగబా ఒకే గుక్కలో తాగకండి, ఐదు నిమిషాలు తీసుకోండి. ఒకవేళ వచ్చినా చాలామందికి తిండిలో మార్పు, నడకతోనే అదుపులోకి వస్తుంది.

మా కోడలికి టిఫాలో ఏ లోపం లేదన్నారు. ఇంక నెలనెలా ఆసుపత్రికి తిప్పడం అవసరమా? పల్లెటూరు, రాను పోను పూట పడుతుంది.
– ఒక అత్తగారు, పార్వతీపురం మన్యం జిల్లా

కోడలి వెంట మీరే వెళ్తున్నందుకు సంతోషం. స్కానింగ్ బాగుండటం మంచి కబురే, అయితే అది బిడ్డ శరీర నిర్మాణం గురించి ఆ రోజు చూసి చెప్పిన మాట. తల్లి ఆరోగ్యం గురించి అది పెద్దగా చెప్పదు. గర్భిణిని ఎక్కువగా భయపెట్టే బీపీ పెరగడం ఇరవై వారాల తర్వాతే మొదలవుతుంది. తొలి దశలో ఆమెకు ఏ బాధా ఉండకపోవచ్చు. చేతికి పట్టీ చుట్టి చూస్తేనే తెలుస్తుంది. 140/90 గానీ దాటి గానీ ఉంటే, మూత్రంలో ప్రొటీన్ కూడా కనిపిస్తే, వెంటనే వైద్యం కావాలి. ఆలస్యమైతే అది మూర్ఛల దాకా వెళ్తుంది.

పొట్ట కొలవడం కూడా చిన్న పనే. ఇరవయ్యో వారానికి గర్భసంచి పైభాగం బొడ్డు దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత వారానికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరగాలి. ఆ పెరుగుదల ఆగితే బిడ్డ ఎదుగుదల మీద అనుమానం వస్తుంది. టేపు, బీపీ మిషను, మూత్రం పట్టీ, వేలి నుంచి రక్తపు చుక్క: వీటికి ఖర్చు లేదు, కానీ నేను చూసినంతలో ఎక్కువమంది తల్లుల్ని కాపాడినవి ఇవే.

ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఆ ఒక్క పూటను కోడలి కోసం పక్కన పెట్టండి. మాతా శిశు రక్షణ కార్డు తప్పక వెంట తీసుకెళ్లి, బీపీ, బరువు, హిమోగ్లోబిన్ అందులో రాయించండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తం కనబడటం, నీరు పోవడం, పొట్ట పైభాగంలో గట్టి నొప్పి – వీటిలో ఏది వచ్చినా తొమ్మిదో తేదీ దాకా చూడకండి. అర్ధరాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.