పలెర్మోలో కాపురం పెట్టేవాళ్లు ముందు ఒక సంతను ఎంచుకోవాలి

స్కాలర్‌షిప్ మీద ఇటలీ వెళ్లే మన విద్యార్థుల్లో కొందరికి సీటు మిలాన్‌లోనో రోమ్‌లోనో కాక సిసిలీ రాజధాని పలెర్మోలో వస్తుంది. వీసా చేతికి రాగానే చాలామంది చూడాల్సినవి, తినాల్సినవి అంటూ ఓ జాబితా రాసుకుంటారు. రెండు రోజులుండి పోయేవాళ్లకు ఆ జాబితా చాలు. రెండు మూడేళ్లు ఉండబోయేవాళ్లు మాత్రం దాన్ని పక్కన పెట్టి, పాత ఊళ్లో ఒక్క సంతను ఎంచుకోవాలి. వారానికి మూడు నాలుగుసార్లు అక్కడికే వెళ్లాలి, అదే రెండు మూడు అంగళ్లలో కొనాలి. పలెర్మో తిండి, పేటలు, మాట తీరు అన్నీ ఆ దారినే ఒంటబడతాయి. జాబితా ఎంత మోసం చేయగలదో చెప్పడానికి వుచ్చిరియా ఒక్కటి చాలు. చిత్రకారుడు రెనాతో గుత్తూసో 1974లో ఆ సంతను పెద్ద బొమ్మగా గీశాక దాని పేరు ఊళ్లు దాటింది. ఇప్పుడు అక్కడ మిగిలిన కూరగాయల అంగళ్లు కొన్నే. చీకటి పడితే ఆ వీధులు తాగేవాళ్లతో, సంగీతంతో నిండిపోతాయి. పేరు చూసి సంచీ పట్టుకుని వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తారు.

ఇప్పటికీ ఊరివాళ్లు కూరలు కొనుక్కునే సంతలు బల్లరో, కాపో. కొత్తగా వెళ్లే విద్యార్థికి నేను చెప్పేది బల్లరో. ఆల్బెర్గెరియా పేటలో ఉంది. విశ్వవిద్యాలయం ప్రధాన క్యాంపస్‌కీ రైల్వే స్టేషన్‌కీ మధ్యలో, రెండింటి నుంచీ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. ఆ పేట వలసవచ్చినవాళ్ల పేటగా మారడానికి కారణం ఉంది. 1943లో మిత్రదేశాల బాంబులకు పాత ఊరు బాగా దెబ్బతింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కాంట్రాక్టర్లు, రాజకీయులు, మాఫియా కలిసి తోటలు నరికేసి ఊరి చుట్టూ కాంక్రీటు మేడలు లేపారు. స్తోమత ఉన్నవాళ్లు అటు తరలిపోగా, పాత ఇళ్లు ఖాళీ అయి అద్దెలు పడిపోయాయి. బంగ్లాదేశీయులు, శ్రీలంక తమిళులు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఆ ఇళ్లలో దిగారు. అందుకే బల్లరో చుట్టుపక్కల బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి, మసాలాలు అమ్మే కొట్లు కనిపిస్తాయి. బియ్యం బస్తా కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

ఇక కూరల సంగతి. ఎండాకాలం బల్లరోలో లేత ఆకుపచ్చ రంగులో, మనిషి చేయంత పొడుగున్న కాయలు పేర్చి ఉంటాయి. పక్కనే మెత్తటి ఆకులు, నులితీగలతో కట్టలు. ఆ కాయను వాళ్లు కుకుత్సా అంటారు, తీగల కట్టను తెనెరూమి అంటారు. అది సాక్షాత్తూ మన సొరకాయ జాతే. మనం కాయ తెచ్చుకుని తీగను పాదులోనే వదిలేస్తాం, వాళ్లు ఆ చిగుళ్లను టమాటా, వెల్లుల్లితో ఉడికించి, విరిచిన పాస్తా వేసి పల్చటి సూపులా తాగుతారు. వీధి తిండిలో పేరున్న పనెల్లె కూడా శనగపిండే. పిండిని ఉప్పునీళ్లలో గరిట తిరగనంత చిక్కగా ఉడికించి, పార్స్లీ కలిపి, పల్చగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. వాటిని నువ్వులు చల్లిన రొట్టెలో పెట్టి, పైన నిమ్మకాయ పిండి ఇస్తారు. కారం ఉండదు. వేడి మీద తినాలి, చల్లారితే రుచి పోతుంది. కాపొనాతా అనే వంకాయ కూరలో వెనిగర్, చక్కెర, ఆలివ్‌లు, కేపర్లు పడి పులుపూ తీపీ కలిసి ఉంటాయి. వంకాయను సిసిలీకి తెచ్చింది అరబ్బులని చెబుతారు. పలెర్మో 831 నుంచి 1072 వరకు వాళ్ల పాలనలోనే ఉంది. వండుకునే ఓపిక లేని రోజు పనికొచ్చేది మరొకటి ఉంది. సంతలో పెద్ద గిన్నెల్లో ఉడికించిన బంగాళాదుంపలు, ఆర్టిచోకులు, పొయ్యిలో కాల్చిన ఉల్లిపాయలు పొగలు కక్కుతూ అమ్ముతారు. ఇంటికి తెచ్చి నాలుగు మిరపకాయలతో తాలింపు పెడితే పూట గడిచిపోతుంది.

‘ఒకే సంత చుట్టూ తిరిగితే ఊరు ఎప్పుడు తెలుస్తుంది?’ అన్నది మొదటి అభ్యంతరం. పాత పలెర్మో పెద్దదేమీ కాదు. కస్సారో, వియా మాకెదా అనే రెండు వీధులు క్వాత్రో కాంతి కూడలిలో అడ్డంగా కలిసి దాన్ని నాలుగు పేటలుగా చీలుస్తాయి. ఈ మూల నుంచి ఆ మూలకు తీరిగ్గా నడిచినా అరపూట పట్టదు. కట్టడాలు ఎక్కడికీ పోవు, ఏ ఆదివారమైనా చూడొచ్చు. ఋతువు మాత్రం ఆగదు. తెనెరూమి కట్టలు పోయి ఆర్టిచోకులు ఎప్పుడొచ్చాయో, ఏ వారం సార్డీన్ చేప చవకైందో, పండగ ముందు జనం ఏం కొంటున్నారో రోజూ వెళ్లేవాడికే తెలుస్తుంది. డిసెంబరు 13న సాంతా లూచీయా పండగ. ఆ రోజు సంప్రదాయం పాటించే ఇళ్లలో రొట్టె, పాస్తా ముట్టరు. లోపల పూర్ణంలా కూరి వేయించిన అన్నపు ముద్ద అరంచీనా, రికోత్తా అనే మెత్తటి జున్ను కలిపిన ఉడికించిన గోధుమ తింటారు. ఆ సంగతి తెలియని కొత్తవాడు రొట్టెల కొట్టు ముందు తెల్లమొహం వేయాల్సిందే. ఊరి రక్షక దైవంగా కొలిచే సాంతా రొసాలియాకు జూలై 14న జరిగే ఉత్సవం మూలం 1624 నాటి ప్లేగు. కొండ మీది ఆమె గుహాలయానికి పలెర్మోలోని శ్రీలంక తమిళ హిందువులూ మొక్కులతో వెళ్తుంటారు.

రెండో అభ్యంతరం ఆచారానిది, అది న్యాయమైనదే. పలెర్మో వీధి తిండి పేదరికంలో పుట్టింది, అవయవ మాంసం ఎక్కువ. పానె కా మేవుసా అనే రొట్టెలో ఉండేది దూడ ప్లీహం, ఊపిరితిత్తులు. వేయించేది పందికొవ్వులో. స్టిగ్గియోలా అంటే బొగ్గుల మీద కాల్చిన గొర్రెపిల్ల పేగులు. పైకి శాకాహారంలా కనిపించేవే ఇంకా చిక్కు. స్ఫించోనె అనే మందపాటి రొట్టె మీద ఉల్లి, టమాటా మధ్య ఆంచోవీ చేప కలిసి ఉంటుంది. వెన్న అరంచీనాలో హామ్, అంటే పందిమాంసం పెడతారు. పట్టింపున్నవాళ్లు ‘మాంసం ఉందా?’ అని ఒక్కటే అడిగితే సరిపోదు, చేప, హామ్, ఏ నూనె అని విడివిడిగా అడగాలి. ఇక్కడే తెలిసిన అంగడి విలువ తెలుస్తుంది. కొత్త ముఖానికి అమ్మేవాడు తల ఊపేసి పొట్లం కడతాడు. వారానికి నాలుగుసార్లు కనిపించే పిల్లకైతే ‘ఇది నీకు పనికిరాదు’ అని తనే చెబుతాడు.

‘సూపర్ మార్కెట్లో ధర రాసుంటుంది, మాట్లాడే పనీ లేదు కదా’ అనేవాళ్లు ఉంటారు. పాలు, నూనె, సబ్బులకు అక్కడికే వెళ్లండి, డబ్బూ మిగులుతుంది. అయితే మాట్లాడే పని లేకపోవడమే అక్కడి నష్టం. తరగతులు ఇంగ్లీషులో, ఇంట్లో తెలుగు, కొట్లో మౌనం అయితే ఇటాలియన్ వచ్చే దారేది? అంకెలు, కూరల పేర్లు, ‘సగం కిలో చాలు’, ‘నిన్నటిది వద్దు’ లాంటి మాటలు సంతలో తొందరగా నోటికొస్తాయి. ఒక మర్యాద మాత్రం ముందే నేర్చుకోవాలి. బెండకాయ కొన విరిచి, వంకాయ నొక్కి చూసే మన అలవాటు అక్కడ చెల్లదు. కాయలను అమ్మేవాడే ఏరి ఇస్తాడు, చెయ్యి పెడితే కసురుకుంటాడు. బేరం కూడా పెద్దగా ఉండదు. కానీ తెలిసిన ముఖానికి ఓ పార్స్లీ కట్ట కొసరుగా సంచిలో పడుతుంది.

అమ్మానాన్నలు భయపడేది వీటన్నిటికంటే ఆ ఊరి పేరు విని. 1992లో న్యాయమూర్తులు ఫాల్కోనె, బోర్సెల్లీనో హత్యల తర్వాత పలెర్మో అంటే ప్రపంచానికి మాఫియాయే గుర్తు. ఊరు ఆ మీదట ఊరికే కూర్చోలేదు. 2004లో కొందరు యువకులు మొదలుపెట్టిన అద్దియోపిత్సో సంస్థ, మాఫియాకు మామూళ్లు ఇవ్వని దుకాణాల జాబితా నడుపుతోంది. అక్కడే కొనాలనుకుంటే కొనొచ్చు. 2016లో బల్లరో పక్కనే వియా మాకెదాలో కొట్లు పెట్టుకున్న బంగ్లాదేశీ వ్యాపారులు వసూళ్ల ముఠా మీద పోలీసులకు ఫిర్యాదు చేశారు, అరెస్టులూ జరిగాయి. పేటలో పాతుకుపోయిన మనుషులకే ఆ ధైర్యం వస్తుందని నా నమ్మకం. ఆల్బెర్గెరియాలో చెత్త పేరుకుంటుంది, మత్తుమందుల అమ్మకమూ ఉంది, అర్ధరాత్రి ఒంటరిగా సందుల్లో తిరగడం తెలివైన పని కాదు. విద్యార్థికి ఎక్కువగా ఎదురయ్యే బెడద మాత్రం ఫోను దొంగ, మోసపు అద్దె.

అందుకే ఇంటి విషయంలో తొందరపడకండి. చేరిన ఎనిమిది పని దినాల్లోపు నివాస అనుమతి దరఖాస్తు పోస్టాఫీసులో ఇచ్చేయాలి, అది వాయిదా వేయకూడదు. గది మాత్రం కళ్లారా చూడకుండా అడ్వాన్సు పంపొద్దు. కాంట్రాక్టు రిజిస్టర్ చేయనంటే ఆ ఇల్లు వదిలేయండి, స్కాలర్‌షిప్ కాగితాలకు అది అడుగుతారు. పాత ఊరి ఇళ్లలో చాలావాటికి హీటింగ్ ఉండదు, గోడలు చెమ్మ పడతాయి, కాబట్టి బీరువా వెనక బూజు ఉందేమో చూడండి. అన్నీ సరిపోయాక ఇంటాయన్ని ఇంకొక్కటి అడగండి: బల్లరోకి ఇక్కణ్నుంచి ఎన్ని నిమిషాల నడక? పదిహేను దాటితే, మరో ఇల్లు చూసుకోండి.