చర్మముపై చిన్న గుంట – వెన్నుపాముకు పెద్ద హెచ్చరిక

నవజాత శిశువు వీపుపై ఏ గుర్తు కనిపించినా మనము పుట్టుమచ్చ యని తేలికగా తలంచుట సహజము. చాలా గుర్తులు నిరపాయకరములే. కాని నడుము దిగువన, సరిగా వెన్నెముక రేఖపై ఉండే కొన్ని గుర్తులు లోపలి లోపానికి బాహ్యసూచనలు కావచ్చును.

చర్మానికి, వెన్నుపాముకు గల సంబంధమేమి? ఈ రెండును పిండములోని బహిస్త్వచమనే ఒకే పొర నుండి జనించినవి. గర్భధారణ జరిగిన మూడు, నాలుగు వారములలో ఆ పొరలో కొంత భాగము గాడివలె వంగి, అంచులు కలిసి, సుమారు 28వ దినానికి గొట్టముగా మూసుకొంటుంది. అదే నాడీనాళము. అది పైచర్మము నుండి పూర్తిగా విడివడని చోట లోనికి సన్నని సొరంగము మిగిలిపోవచ్చును. వైద్యులు దీనిని డెర్మల్ సైనస్ అంటారు.

దీనివలన అపాయము రెండు విధములు. సూక్ష్మజీవులు ఆ దారిని లోనికి ప్రవేశించి, మెదడు, వెన్నుపాముల పొరలకు వాపు కలిగించవచ్చును. అదే మెనింజైటిస్. రెండవది, వెన్నుపాము కొన క్రింద అతుక్కొనిపోవుట. ఆ కొన సాధారణముగా నడుములోని మొదటి, రెండవ పూసల వద్ద స్వేచ్ఛగా ఉంటుంది. బిడ్డ పెరిగినకొద్దీ, అతుక్కొన్న వెన్నుపాము సాగి, దానికి రక్తప్రసరణ తగ్గుతుంది. అందువలన కాళ్ళ బలహీనత, నడకలో తేడా, పాదము వంకర, నడుమునొప్పి కలుగవచ్చును. అలవడిన మూత్రనిగ్రహము తిరిగి తప్పవచ్చును. అట్టి బిడ్డను సోమరి యనియో, మొండి యనియో దండించుట ఎంత అన్యాయము!

అయితే ప్రతి గుంటకు భయపడనక్కరలేదు. మలద్వారమునకు 2.5 సెంటీమీటర్లలోపున, మధ్యరేఖపై, 5 మిల్లీమీటర్లు మించక, అడుగు కనిపించే ఒంటరి గుంట సాధారణముగా హానిచేయదు. అంతకు పైన ఉన్న గుంట, వెంట్రుకల కుచ్చు, కొవ్వుగడ్డ, ఎర్రని మచ్చ, తోకవంటి చర్మము, స్రవించే రంధ్రము కనిపించినచో తప్పక వైద్యునికి చూపవలెను. రంధ్రములో పుల్ల పెట్టి చూడరాదు, పిండరాదు.

పూసలు ఇంకను గట్టిపడని తొలి నెలలలో అల్ట్రాసౌండ్ పరీక్ష ఉపకరిస్తుంది. ఆ పిమ్మట ఎమ్.ఆర్.ఐ. అవసరము. అవసరమైనచో శస్త్రచికిత్సతో అతుకును విడదీస్తారు. అది ముఖ్యముగా రానున్న నష్టమును ఆపుతుంది. పోయిన శక్తి పూర్తిగా తిరిగి వచ్చునని చెప్పలేము. కనుకనే కాలము విలువైనది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు కాగలరు. స్నానము చేయించునపుడు బిడ్డ వీపును ఒకసారి పరికించుటకు ఖర్చు లేదు. ఆ చూపు ఒక జీవితమును నిలబెట్టగలదు.