విప్పి చూడగలిగే మగ్గం

సూరత్ మరమగ్గాల ఊరు. తెలంగాణ నుంచి వచ్చిన ఎన్నో చేనేత కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. మగ్గం ఆగితే మెకానిక్ దాన్ని విప్పి, లోపం చూసి బాగుచేస్తాడు. అందులో ఒక భాగానికి కంపెనీ సీలు వేసి, "దీన్ని మేమే విప్పాలి" అంటే? ఆ కంపెనీ మూతపడిన రోజున మగ్గం పాత ఇనుమే.

మాలో ఒకరి పాత ల్యాప్‌టాప్‌కు ఇలాగే జరిగింది. కొత్త లినక్స్ వేయగానే వైఫై ఆగిపోయింది. చిప్పు బాగానే ఉంది. దాని డ్రైవర్‌ను కొత్త లినక్స్‌కు తగ్గట్టు మార్చడం కంపెనీ మానేసింది. సోర్స్ కోడ్ ఇవ్వలేదు కాబట్టి ఇంకెవరూ మార్చలేరు. ఇలాంటి మూసిన డ్రైవర్లను లినక్స్‌లో వాడనివ్వాలా? మేము రెండు జట్లుగా చర్చించుకున్నాం.

కెర్నల్, డ్రైవర్ అంటే ఏమిటి?
కంప్యూటర్ యంత్రభాగాలకూ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని నడిపేది కెర్నల్. ఒక్కో భాగంతో ఎలా మాట్లాడాలో దానికి చెప్పేది డ్రైవర్.

లైసెన్స్ ఏమంటుంది?
ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశారు. 1992లో దానికి రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన జీపీఎల్ లైసెన్స్ పెట్టారు. దాని ప్రకారం ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. కానీ మార్చినదాన్ని ఇతరులకు ఇస్తే సోర్స్ కోడ్ కూడా అదే షరతుతో ఇవ్వాలి. బదిలీ అయి వెళ్తూ మన నోట్సు ఇంకొకరికి ఇచ్చి, "నువ్వు చేర్చినవి కూడా నీ తర్వాతివారికి ఇవ్వు" అన్నట్టు.

మొదటి జట్టు: వాడనివ్వాలి
డ్రైవర్ వేరే రచన, కెర్నల్‌లో భాగం కాదు. కంపెనీకి తన రహస్యాలు కాపాడుకునే హక్కుంది. డ్రైవర్ లేకపోతే నష్టపోయేది వాడుకునేవారే.

రెండో జట్టు: వద్దు
డ్రైవర్ కెర్నల్ లోపలే, పూర్తి అధికారంతో నడుస్తుంది. కెర్నల్ లోపలి ఏర్పాట్లు తరచూ మారుతుంటాయి. కెర్నల్‌తో కలిసి ఉన్న డ్రైవర్లను ఆ మార్పు చేసేవారే సరిదిద్దుతారు. మూసిన డ్రైవర్‌ను సరిదిద్దాల్సింది కంపెనీ ఒక్కటే. అందుకే అలాంటి డ్రైవర్ ఎక్కితే కెర్నల్ తనపై "కళంకితం" అనే గుర్తు వేసుకుంటుంది. అప్పుడు వచ్చిన లోపాలను చూడటానికి కెర్నల్ రాసేవారు సాధారణంగా ఒప్పుకోరు.

మేము తేల్చుకున్నది
ఈరోజు పని జరగడం కోసం మూసిన డ్రైవర్ వాడటం తప్పు కాదు. అక్కడితో ఊరుకోవడమే తప్పు. అడుగుతూ ఉంటే తలుపులు తెరుచుకుంటాయి. ఎన్విడియా తీరును టోర్వాల్డ్స్ 2012లో బహిరంగంగా ఘాటుగా విమర్శించారు. 2022లో ఆ కంపెనీ తన కెర్నల్ డ్రైవర్ల కోడ్‌ను విడుదల చేసింది. అయినా దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం ఇంకా మూసే ఉంది.

కోడ్ తెరిచి ఉంటే ఏం సాధ్యమో మన భాషే సాక్ష్యం. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్ ఆధారంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. అందుకు ఏ కంపెనీ అనుమతీ అవసరం కాలేదు.

ఆలోచించండి
1. మీరు ఏ జట్టులో ఉంటారు? ఎందుకు?
2. మీ ఇంట్లో, యంత్రం బాగున్నా సాఫ్ట్‌వేర్ లేక మూలపడిన వస్తువు ఏదైనా ఉందా?