పాత కారు ఏసీ చల్లబడట్లేదా? కంప్రెసర్ మార్చే ముందు ఇలా డీబగ్ చేయండి

“గ్యాస్ అయిపోయింది సార్, పోయించేద్దాం.” పాత కారు ఏసీ మొరాయించగానే ఎక్కువగా వినిపించే మాట ఇదే. కానీ ఫ్రెండ్స్, ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. అదొక క్లోజ్డ్ లూప్. లోపల ఉన్న గ్యాస్ అందులోనే తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు హోస్‌ల నుంచి, సీల్స్ నుంచి కొంచెం తగ్గడం మామూలే. అంతేగానీ ప్రతి వేసవికీ పోయించాల్సి వస్తోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ వెతక్కుండా గ్యాస్ పోయడం, మెమరీ లీక్ ఉన్న సర్వర్‌ని రోజూ రీస్టార్ట్ చేయడం లాంటిదే అనమాట.

మా నాన్నది 2009 మోడల్ హ్యాచ్‌బ్యాక్. మా ఊరు నెల్లూరు జిల్లాలో మైపాడు బీచ్‌కి దగ్గర్లోనే. మా నానమ్మను వారానికి మూడుసార్లు నెల్లూరుకి డయాలసిస్‌కి తీసుకెళ్లేది ఈ కార్లోనే. డయాలసిస్ అయ్యాక మనిషి బాగా నీరసపడిపోతుంది. మే నెల మధ్యాహ్నం, ఏసీ లేకుండా ఆమెను ఇంటికి తేవడమంటే చిన్న విషయం కాదు. మెకానిక్ ఒకాయన చూసి, కంప్రెసర్ పోయింది, 24 వేలు అవుతుందన్నాడు. “ఏంది అబ్బయా, ఈ కారు అమ్మినా డెబ్బై వేలు రావే, దీనికి అంత పెట్టాలా?” అన్నారు నాన్న. సరే, ఒక వీకెండ్ నాకు ఇవ్వండి అన్నాను.

“ఏసీ పనిచేయట్లేదు” అనేది బగ్ రిపోర్ట్ కాదు. ఎప్పుడు పనిచేయట్లేదు? అసలు క్లూ అక్కడే ఉంటుంది. మా కారు మైపాడు రోడ్డు మీద 60 స్పీడ్‌లో పోతుంటే పర్వాలేదు. మైపాడు గేట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే వేడి గాలి. కంప్రెసర్ పూర్తిగా చచ్చిపోతే స్పీడ్‌లో కూడా చల్లబడకూడదు కదా!

అయితే స్పీడ్‌లో పోయేటప్పుడు రెండు విషయాలు కలిసి మారతాయి. ఇంజన్‌తో పాటు కంప్రెసర్ వేగంగా తిరుగుతుంది, ముందున్న కండెన్సర్‌కి గాలి బాగా తగులుతుంది. ఈ రెండింటినీ విడదీయాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, నాన్నని యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోమన్నాను. మధ్య వెంట్‌లో ప్రోబ్ థర్మామీటర్ పెట్టాను. 19 డిగ్రీలు, కాసేపటికి 18. అంతే. కంప్రెసర్ స్పీడ్ పెరిగినా తేడా రాలేదు. తర్వాత ఒక బకెట్ నీళ్లు తీసుకుని ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద మెల్లగా పోశాను. రెండు నిమిషాల్లో 12కి దిగింది! అంటే కంప్రెసర్ తోస్తోంది, కండెన్సరే వేడిని బయటకి వదల్లేకపోతోంది.

ఇక్కడ ఒక మాట. ఆన్‌లైన్‌లో దొరికే గన్ టైప్ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మెరిసే అల్యూమినియం పైపుని కొలిస్తే రీడింగ్ తప్పు వస్తుంది. పైపు మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, దాని మీద కొలవండి.

ఫ్యాన్ చూస్తే తిరుగుతోంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తిరగడం వేరు, సరిగ్గా తిరగడం వేరు. ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 13.9 వోల్టులు, పర్ఫెక్ట్. కానీ లోడ్ లేనప్పుడు వచ్చే ఈ రీడింగ్ నమ్మడానికి లేదు. కరెంట్ పారనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా ఫుల్ వోల్టేజ్ చూపిస్తుంది. కనెక్టర్ తిరిగి పెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగా వెనక నుంచి సన్నటి పిన్నులు దూర్చి కొలిస్తే 8.7 మాత్రమే! (ఫ్యాన్ బ్లేడ్లకీ బెల్ట్‌కీ చేతులు, వైర్లు దూరంగా ఉంచండి.) మిగతా 5.2 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? ఫ్యాన్ నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కొలిస్తే 4.1 చూపించింది. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. బాడీకి బిగించిన ఎర్త్ బోల్ట్ విప్పి చూస్తే కింద అంతా పచ్చగా, తెల్లగా పూత పట్టేసి ఉంది. సముద్రపు గాలి పుణ్యం! గరుకు కాగితంతో రుద్ది, కనెక్టర్ పిన్నులు కూడా శుభ్రం చేసి బిగించాక ఫ్యాన్ దగ్గర 13.1 వచ్చింది. ఖర్చు పది రూపాయలు.

వెంట్ ఇప్పుడు 14. బాగానే తగ్గింది గానీ సరిపోదు. ప్రతి ఏడాదీ గ్యాస్ పోయిస్తున్న సంగతి ఇంకా మిగిలే ఉంది కదా. లీకైన చోట గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం బయటకి వస్తుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. మా కండెన్సర్ కింది మూలలో సరిగ్గా అలాంటి జిడ్డు మరక ఉంది. సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వచ్చాయి. ఉప్పు తేమ అల్యూమినియంని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది, కోస్తా బండ్లలో మొదట అనుమానించాల్సింది కండెన్సర్‌నే.

ఇక్కడి నుంచి పని వర్క్‌షాప్‌లోనే చేయించుకోండి. ఆర్-134ఏ గ్యాస్ సుమారు మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ద్రవం చర్మం మీద పడితే గడ్డకట్టించేస్తుంది. కానీ అక్కడ గేజ్ రీడింగ్ మీరే చూడండి. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ చూసి “గ్యాస్ ఫుల్‌గా ఉంది” అంటే ఒప్పుకోవద్దు. సిస్టమ్‌లో కొద్దిగా ద్రవం మిగిలి ఉన్నా చాలు, 35 డిగ్రీల దగ్గర దాదాపు 113 పీఎస్ఐ చూపిస్తుంది. సగం ఉన్నా అంతే, ఫుల్‌గా ఉన్నా అంతే. ఏసీ నడుస్తున్నప్పుడే అసలు కథ తెలుస్తుంది. లో సైడ్, హై సైడ్ రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్‌కి గాలి ఆడట్లేదు, లేదా గ్యాస్ ఎక్కువ పోశారు. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ ఉండి, ఆర్‌పీఎం పెంచినా మారకపోతే, అప్పుడు కంప్రెసర్‌ని అనుమానించండి. మా బండిలో రెండూ తక్కువే.

కొత్త కండెన్సర్, రిసీవర్ డ్రైయర్, గ్యాస్, లేబర్ కలిపి ఎనిమిదిన్నర వేలు అయ్యింది. వెంట్ ఇప్పుడు ట్రాఫిక్‌లో కూడా 9, 10 డిగ్రీల దగ్గరే ఉంటోంది. పాత కంప్రెసరే.

వర్క్‌షాప్‌లో రెండు విషయాలు మాత్రం పట్టుబట్టండి. సిస్టమ్ తెరిచాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టించాలి, పంప్ ఆపాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడాలి. లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ఐస్ అయ్యి, కాసేపు చల్లగా కాసేపు వేడిగా వస్తుంటుంది. రెండోది, గ్యాస్‌ని అంచనాగా కాకుండా తూకం వేసి పోయించండి. ఎన్ని గ్రాములో సాధారణంగా బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది, ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బీచ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ గ్రిల్‌లోంచి మంచినీళ్లతో కండెన్సర్ కడగండి. ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరగా పెట్టకండి, ఫిన్స్ వంగిపోతాయి.