జీవము, అజీవము, న్యూట్రాన్ బాంబు

జీవమునకును అజీవమునకును గల భేదము జైన తత్త్వమున మొదటి పాఠము. ఆ పాఠమును తలక్రిందులు చేసిన ఆయుధము న్యూట్రాన్ బాంబు. దీనిని 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ కోహెన్ ఊహించెను.

ఆటంబాంబు బరువైన పరమాణువులను చీల్చును. హైడ్రోజన్ బాంబు తేలికైనవాటిని కలుపును. న్యూట్రాన్ బాంబు ఈ రెండవ జాతిలో చిన్నది. పేలుడు బలమును తగ్గించి, న్యూట్రాన్లు వెలికి పోవునట్లు దీనిని అమర్తురు. అవి యినుప రేకులను దాటి దేహములోని జీవకణములను చెరచును. శత్రువుల ట్యాంకులలోని సైనికులను చంపుటయే ఉద్దేశము.

సరకు నిలుచును, మనిషి పోవునని దీనిని గూర్చి లోకులందురు. అది సగమే నిజము. ఒక కిలోటన్ను బాంబనగా వేయి టన్నుల టి.ఎన్.టి. బలము. అట్టిది కారిమంగళం సంతపై పేలెననుకొందము. దగ్గరి అంగళ్లు కూలిపోవును. కొంత యెడముననున్న కొట్లలో బస్తాలు బస్తాలుగానే యుండును. తూచువాడు గంటలలోనో, దినములలోనో, వారములకో మరణించును. సంతకు తోలుకొని వచ్చిన యెద్దులకును అదే గతి. సేనాపతుల లెక్కలలో ఎద్దులు రావు!

1978లో కార్టర్ దీని తయారీని వాయిదా వేసెను. 1981లో రీగన్ ఆజ్ఞ యిచ్చెను. చైనా 1988లో పరీక్షించెను. అమెరికా తన కడపటి న్యూట్రాన్ గుండ్లను 2003 నాటికి విప్పివేసెను.