పొయ్యిలో బొగ్గు - ఆకాశంలో చుక్క

అన్నం మాడితే నల్లబడుతుంది. రొట్టె మాడినా నల్లబడుతుంది. కట్టె సగం కాలి ఆరిపోతే బొగ్గు మిగులుతుంది. బియ్యం వేరు, జొన్న వేరు, తుమ్మకట్టె వేరు. మాడితే మాత్రం అన్నీ నలుపే. ఎందుకు?

వాటన్నిటిలో ఒకే పదార్థం ఉంది. దాని పేరు కార్బన్. బొగ్గులో ఎక్కువగా ఉండేది అదే. చెట్టు, ఆవు, చేప, మనిషి - ప్రాణమున్న ప్రతిదాని ఒంట్లోనూ కార్బన్ ఉంటుంది. 50 కిలోల మనిషిలో సుమారు 9 కిలోలు ఉంటుంది.

ఇంత కార్బన్ ఎక్కడిది?

విశ్వం పుట్టిన కొత్తలో కార్బన్ లేదు. దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం అనే తేలిక వాయువులే. తర్వాత వాటి నుంచి చుక్కలు పుట్టాయి. వీటినే నక్షత్రాలు అంటారు. మన సూర్యుడూ ఒక నక్షత్రమే. నక్షత్రం కడుపులో చెప్పలేనంత వేడి. పెద్ద వయసు నక్షత్రాల్లో మూడు హీలియం కణాలు కలిసి ఒక కార్బన్ కణం అవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. రెండు కణాలు కలిస్తే ఆ జత రెప్పపాటు కూడా నిలవదు. ఆలోపే మూడోది వచ్చి చేరాలి. రెండు రాళ్ల మీద కుండ నిలవదు కదా! అందుకని కార్బన్ చాలా కొద్దిగానే తయారు కావాలి. కాని లోకంలో కార్బన్ దండిగా ఉంది.

1953లో ఫ్రెడ్ హాయిల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీని గురించి ఆలోచించాడు. ఇంత కార్బన్ ఉందంటే, ఆ మూడు కణాలు అతుక్కునే వీలు కార్బన్‌లోనే ఉండి తీరాలన్నాడు. ఆ వీలు ఎంత శక్తి దగ్గర ఉండాలో లెక్క కట్టాడు. అమెరికాలోని శాస్త్రవేత్తలు ఆ మాట అంత తేలిగ్గా నమ్మలేదు. పరీక్ష చేసి చూశారు. ఆయన చెప్పిన చోటే అది దొరికింది!

నక్షత్రం లోపలికి ఎవరూ వెళ్లలేదు. ఇక్కడున్న దాన్ని బట్టి అక్కడ జరిగేది తెలిసింది. మన ఒంట్లోని కార్బనే అందుకు సాక్ష్యం.

ఒక స్త్రీ పట్టుదల

నక్షత్రాల్లో ఏ పదార్థం ఎలా తయారవుతుందో 1957లో నలుగురు శాస్త్రవేత్తలు వివరంగా రాశారు. అందులో మొదటి పేరు ఒక స్త్రీది. ఆమె మార్గరెట్ బర్బిడ్జ్. ఆ రోజుల్లో అమెరికాలోని మౌంట్ విల్సన్‌లో పెద్ద దుర్భిణితో చూసే అవకాశం ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు. భర్త పేరు మీద అనుమతి వచ్చింది. ఆమె ఆయనకు సహాయకురాలినని చెప్పి వెళ్లింది. నక్షత్రాలను తానే పరిశీలించింది.

అక్కడి నుంచి మన దాకా

ముసలి నక్షత్రాలు తమలోని పదార్థాన్ని ఆకాశంలోకి వెదజల్లుతాయి. అలాంటి దుమ్ము, వాయువు పోగై సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడు, భూమి ఏర్పడ్డాయి. ఆ కార్బన్ గాలిలో చేరింది. గాలి నుంచి మొక్క తీసుకుంది. గింజ అయింది. అన్నమై మన ఒంటికి చేరింది.

దొరసాని ఒంట్లో ఉన్నదీ, కూలి చేసుకునే ఆమె ఒంట్లో ఉన్నదీ ఆ చుక్కల కార్బనే. మరి పుట్టుకలో ఎక్కువ తక్కువలు ఎక్కడివి?

ఆలోచించి చెప్పండి:
1. మీ ఇంట్లో మాడితే నల్లబడేవి ఏవి? నల్లబడనివి ఏవి?
2. మార్గరెట్‌కు వచ్చిన అడ్డంకి ఏమిటి? అలాంటివి మన ఊళ్లో ఉన్నాయా?